డక్ట్ లేని ఏసీ: హైదరాబాద్ ఇంటికి అసలు లాభం ఎక్కడుంది?

మా అక్కా బావా కొంపల్లి దగ్గర డ్యూప్లెక్స్ కట్టుకుంటున్నారు. స్లాబ్ పడిన వారానికే ఒక ఏసీ డీలర్ దగ్గర పనిచేసే అబ్బాయి ల్యాప్‌టాప్ పట్టుకుని దిగాడు. "సెంట్రల్ చేయించుకోండి సార్, గోడల మీద ఒక్క మిషన్ కనపడదు, హోటల్ లుక్ వస్తుంది" అన్నాడు. బావ ఆ లుక్‌కి పడిపోయాడు. అక్క మాత్రం నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్, ఇంటర్నెట్‌లో డక్ట్‌లెస్ అయితే కరెంటు 30 శాతం మిగులుతుందని రాస్తున్నారు. ఈ డక్ట్‌లెస్ అనేది ఎక్కడ దొరుకుతుందో కాస్త కనుక్కో."

కనుక్కోవడానికి ఏముంది, ఇప్పుడు అద్దెకుంటున్న ఇంట్లో వాళ్ల బెడ్‌రూమ్ గోడకి వేలాడుతున్నది అదే.

ముందు ఈ పేరు గొడవ తేల్చుకుందాం. అమెరికాలో చాలా ఇళ్లకి ఒకచోట పెద్ద యంత్రం ఉంటుంది. అక్కడి నుంచి గదిగదికీ గొట్టాలు. చలికాలంలో వేడిగాలి, ఎండాకాలంలో చల్లగాలి వాటిలోంచే వస్తాయి. ఆ గొట్టాలే డక్టులు. అవి లేని ఏసీ అక్కడివాళ్లకి కొత్తగా అనిపించింది కాబట్టి డక్ట్‌లెస్ అని పేరు పెట్టుకున్నారు. మన ఇళ్లలో డక్టులు ఎప్పుడున్నాయి గనక? కూలర్ పోయి విండో ఏసీ వచ్చింది, విండో పోయి స్ప్లిట్ వచ్చింది. మనం స్ప్లిట్ అన్నదాన్నే వాళ్లు డక్ట్‌లెస్ అన్నారు, అంతే. గొట్టాలున్నదాన్ని మన ఏసీ వ్యాపారంలో డక్టబుల్ అంటారు, అమ్మేటప్పుడు మాత్రం సెంట్రల్ అంటారు. స్ప్లిట్ పద్ధతి 1960ల్లో జపాన్‌లో ఇళ్లలోకి వచ్చింది. చిన్న ఇళ్లు, తలుపులేసుకునే గదులు, ఎవరికి అవసరమైతే వాళ్ల గదికే చల్లదనం. ఈ విషయంలో మన ఇళ్లు అమెరికా ఇళ్ల కన్నా జపాన్ ఇళ్లకే దగ్గర.

ఇక ఆ 30 శాతం. అది గాల్లోంచి పుట్టిన అంకె కాదు. ఇంటిని చల్లబరచడానికో వెచ్చబరచడానికో వాడే ఇంధనంలో 30 శాతానికి పైగా డక్టుల్లోనే వృథా కావచ్చని అమెరికా ఇంధన శాఖే చెబుతుంది, ముఖ్యంగా గొట్టాలు కప్పు కింద అటకలో వెళ్తున్నప్పుడు. అంటే ఇంట్లో డక్టులుండి, వాటిని పీకేసి స్ప్లిట్లు పెట్టినవాళ్లకి ఆ నష్టం ఆగుతుంది. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో పదేళ్లుగా స్ప్లిట్ వాడుతున్నవాళ్లకి ఇందులో కొత్తగా మిగిలేది పైసా లేదు. అక్కావాళ్లలాగా ఖాళీ ఇల్లు ముందు పెట్టుకుని ఇదా అదా అని తేల్చుకోవాల్సినవాళ్లకే ఆ లెక్క పనికొస్తుంది.

వేడిని ఎవరు మోస్తారు?

ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. గదిలో ఉన్న వేడిని ఎత్తుకెళ్లి బయట పారబోస్తుంది. లోపలి కాయిల్లో, అంటే మెలికలు తిరిగిన గొట్టంలో, గ్యాస్ ఆవిరవుతూ వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కి బయటి కాయిల్లోకి తోస్తుంది. అక్కడ గ్యాస్ ఆ వేడిని వదిలేసి మళ్లీ ద్రవమై వెనక్కి వస్తుంది. ఇంతవరకు అన్ని ఏసీలూ ఒకటే. తేడా అంతా గది నుంచి యంత్రం దాకా వేడిని ఎవరు మోస్తారన్న దగ్గరే.

స్ప్లిట్‌లో ఆ గ్యాసే నేరుగా గది దాకా వస్తుంది. డక్టబుల్‌లో గ్యాస్ ఒకచోట ఆగిపోతుంది, అక్కడి నుంచి గదులకి గాలి మోయాలి. గాలి బరువు మోయలేని కూలీ. ఒక టన్ను చల్లదనానికి నిమిషానికి దాదాపు 400 ఘనపుటడుగుల గాలి తిరగాలని డక్టుల పని చేసేవాళ్ల లెక్క. ఒకటిన్నర టన్నులకి 600. అంత గాలి చప్పుడు లేకుండా వెళ్లాలంటే అడుగు వెడల్పు, 10 అంగుళాల ఎత్తు గొట్టం కావాలి. దానిపైన ఇన్సులేషన్, దాన్ని దాచడానికి ఫాల్స్ సీలింగ్. 10 అడుగుల స్లాబ్ ఎత్తులో అడుగో అడుగున్నరో అక్కడే పోతుంది. అదే పని గ్యాస్ చేస్తే ఒకటి పావు అంగుళం, ఇంకొకటి సుమారు అర అంగుళం రాగి పైపులు రెండు చాలు. నల్ల స్పాంజి తొడిగి టేపు చుట్టాక కూడా ఆ కట్ట మణికట్టంత లావుంటుంది, అంతే.

(టన్ను అంటే ఏసీ బరువు కాదని చాలామందికి తెలుసు, మరేమిటో తెలిసినవాళ్లు తక్కువ. ఏసీలు లేని రోజుల్లో చల్లదనం మంచు దిమ్మల లెక్కన కొనేవారు. అమెరికా టన్ను, అంటే 907 కిలోల మంచు, 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడి పీల్చుకుంటుందో అంత. నేటి లెక్కలో దాదాపు మూడున్నర కిలోవాట్లు.)

గొట్టంలో గాలి పోవడం కాగితం మీద కన్నా కళ్లతో చూస్తే బాగా తెలుస్తుంది. మూడేళ్ల కింద నార్సింగి వైపు ఒక స్నేహితుడి విల్లాలో నేను చూశాను. కింద హాల్ చలితో వణికిస్తోంది, పైన పిల్లల గది మాత్రం ఎంతకీ చల్లబడదు. మే నెల, మధ్యాహ్నం రెండు. మెకానిక్ బాత్రూమ్ పక్కన ఉన్న ట్రాప్ డోర్ తెరిచి నిచ్చెన వేశాడు. వెనకాలే నేనూ ఎక్కి ఫోన్ టార్చ్ వేసి తల లోపల పెట్టాను. మొహానికి సెగ కొట్టింది. నెత్తి మీద జానెడు దూరంలో ఎండకి కాలిన స్లాబ్, దాని కింద వెండి రంగు గొట్టం. మలుపు దగ్గర టేపు ఊడి, అరచేయి పట్టేంత సందు ఉంది. చెయ్యి పెడితే ఫ్రిజ్ తెరిచినట్టుంది. ఆ సందు చుట్టూ నాలుగు బల్లులు, కదలకుండా, హాయిగా. బిల్లు మావాడు కడుతున్నాడు, ఏసీ బల్లులు వాడుకుంటున్నాయి.

టేపు వేయించుకుంటే సరిపోదా అంటే సరిపోతుంది, ఊడిందని తెలిస్తే. స్ప్లిట్‌లో గ్యాస్ లీకైతే కొన్నాళ్లకి గది చల్లబడడం మానేసి మనకే తెలుస్తుంది. డక్ట్ కారితే మిషన్ తిరుగుతూనే ఉంటుంది, చల్లగాలి వస్తూనే ఉంటుంది, బిల్లు మాత్రం పెరుగుతుంది. ఫాల్స్ సీలింగ్‌లోకి తల పెట్టి చూసేవాళ్లెవరు? పైగా సందులేవీ లేకపోయినా ఆ సెగ గొట్టం గోడలోంచి లోపలి గాలికి ఎక్కుతూనే ఉంటుంది. మన పై అంతస్తుల స్లాబ్ సాయంత్రం ఎండ దిగాక కూడా రాత్రి 10, 11 దాకా వేడి కక్కుతూ ఉంటుంది. హైదరాబాద్‌లో మే నెల పగటి ఉష్ణోగ్రత సగటున 39 డిగ్రీల దగ్గర ఉంటుంది. బేగంపేటలో 1966 జూన్ 2న 45.5 కూడా నమోదైంది. ఇవి నీడలో కొలిచిన అంకెలు. స్లాబ్‌కి నీడ ఉండదు.

తలుపు వేసుకుంటేనే లాభం

అక్కావాళ్లింట్లో రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున 9కి పిల్లలు స్కూలుకి, వీళ్లిద్దరూ ఆఫీసులకి. ఇంట్లో ఉండేది అక్క అత్తగారు ఒక్కరే. ఆవిడకి ఏసీ పడదు, మోకాళ్లు పట్టేస్తాయి, ఫ్యానే కావాలి. మధ్యాహ్నం మూడింటికి పిల్లలొస్తే వాళ్ల గదిలో ఓ రెండు గంటలు ఏసీ. రాత్రి పదింటికి రెండు బెడ్‌రూముల్లో ఏసీ. బావకి 20 కావాలి, పిల్లలకి 26 చాలు. నాలుగు గదులూ హాలూ ఒకేసారి చల్లగా ఉండాల్సిన సందర్భం ఏడాదికి మూడు నాలుగుసార్లు వస్తుందేమో, ఉగాదికో పుట్టినరోజుకో.

ఇలాంటి ఇంటికి ఐదారు టన్నుల యంత్రం ఒక్కటి పెట్టడమంటే, ఇద్దరు వెళ్లడానికి బస్సు కొనడం. డక్టబుల్‌లో కూడా గదిగదికీ మూతలు పెట్టి, విడివిడిగా ఆపుకునే ఏర్పాటు చేయవచ్చు. కానీ దానికి ఖర్చు వేరే. మూతలేసిన గదుల గాలి మిగతా గొట్టాల్లోకి ఎగబడకుండా యంత్రమూ తగ్గి నడవగలిగినదై ఉండాలి. స్ప్లిట్‌లో ఆ ఏర్పాటు పేరు రిమోట్. ఎవరి గది, ఎవరి రిమోట్, ఎవరి డిగ్రీలు వాళ్లవి. నా మటుకు నాకు డక్ట్ లేని ఏసీకి ఉన్న లాభాల్లో పెద్దది ఇదే. గొట్టం లేకపోతే మిగిలే 30 శాతం కన్నా, ఖాళీ గదిని చల్లబరచకపోవడం వల్ల మిగిలేది మన ఇళ్లలో ఎక్కువ.

దీన్ని డబ్బుల్లో చూద్దాం. 2022 ఏప్రిల్ నుంచి అమలైన తెలంగాణ గృహ టారిఫ్ ప్రకారం నెలకి 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి 100 యూనిట్లకి 3.40, తర్వాతి 100కి 4.80 రూపాయలు, అంటే 200కి మొత్తం 820. 200 దాటితే ఆ మొదటి 200 కూడా 5.10 చొప్పున లెక్కవుతాయి, 1,020 రూపాయలు. అంటే 201వ యూనిట్ వెలిగించిన బల్బు ఒక్కటే మీకు 200 రూపాయల పైన పడుతుంది. ఆపైన 300 దాకా యూనిట్‌కి 7.70, 400 దాకా 9, 800 దాకా 9.50, అది కూడా దాటితే 10.

ఫ్రిజ్, గీజర్, ఫ్యాన్లు, టీవీ కలిపి ఒక ఇంటికి 200 యూనిట్లు అనుకోండి. రాత్రి ఎనిమిది గంటల చొప్పున రెండు ఏసీలు, ఒక్కోటి గంటకి సగటున 0.8 యూనిట్ తింటే నెలకి సుమారు 380 అదనం. మొత్తం 580 యూనిట్లకి ఎనర్జీ చార్జీ 4,400 వస్తుంది. ఏసీలు లేకపోతే 820. అంటే ఏసీలు వాడిన 380 యూనిట్లకి మనం కట్టింది 3,580, ఒక్కోటి 9 రూపాయల 42 పైసలు. ఏసీ యూనిట్ ఎప్పుడూ పై స్లాబు రేటులోనే పడుతుంది కాబట్టి, అక్కడ ఒక యూనిట్ తగ్గించుకుంటే కూడా అదే రేటున మిగులుతుంది. ఎవరూ లేని హాల్‌ని చల్లబరిచిన యూనిట్‌కీ 9.50 కట్టాల్సిందే.

ఇన్వర్టర్ ఏసీ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పాత ఏసీ పూర్తి వేగంతో తిరగడం, ఆగడం, మళ్లీ తిరగడం, ఇదే పని. ఇన్వర్టర్ కంప్రెసర్ గది చల్లబడ్డాక వేగం తగ్గించుకుని నెమ్మదిగా నడుస్తుంది, కరెంటు కూడా ఆ మేరకే తీసుకుంటుంది. తలుపు వేసిన చిన్న గదిలో తెల్లవార్లూ ఈ మెల్లటి నడకే ఎక్కువ. స్టార్ లేబుల్ మీద ఐసీర్ (ISEER) అని ఒక అంకె ఉంటుంది. ఏడాదికి 1,600 గంటలు, బయట 24 నుంచి 43 డిగ్రీల దాకా ఉన్నట్టు లెక్కగట్టి, పీల్చిన వేడిని తిన్న కరెంటుతో భాగిస్తే వచ్చేది అది. ఎంత పెద్దదైతే అంత మంచిది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలయ్యేలా తయారు చేయాలన్న నిబంధన వచ్చింది. ఒక డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని ఈ స్టార్లు ఇచ్చే కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. ఈ ముక్క బావకి నాలుగుసార్లు చెప్పాను. రిమోట్ మీద 20 కదల్లేదు.

బిగించేటప్పుడు కారిపోయే లాభం

ఇంతా చేసి, స్ప్లిట్ ఏసీ కంపెనీలో సగమే తయారవుతుంది. మిగతా సగం మీ గోడ మీద, ఇద్దరు కుర్రాళ్లు, గంటన్నరలో పూర్తి చేస్తారు. కొనేముందు అంతా స్టార్ల గురించే మాట్లాడతారు, ఈ గంటన్నర గురించి ఎవరూ అడగరు.

మా ఇంట్లో మొన్నటి ఏసీ పెట్టేటప్పుడు నేను పక్కనే నిలబడ్డాను. రాగి పైపు కోశారు, అంచు విచ్చదీశారు, నట్లు బిగించారు. అప్పుడు వాక్యూమ్ పంపు పెట్టి పైపుల్లో ఉన్న గాలినీ తేమనీ లాగేయాలి. "వాక్యూమ్ ఎందుకు సార్, కొంచెం గ్యాస్ వదిలితే గాలి అదే పోతుంది" అన్నాడు కుర్రాడు. గాలి పోవచ్చు, తేమ పోదు. పైపులో మిగిలిన తేమ నూనెతో కలిసి కంప్రెసర్‌ని మెల్లగా తినేస్తుంది. ఇప్పుడు ఎక్కువ ఏసీల్లో వస్తున్న ఆర్-32 గ్యాస్‌కి కొంత మండే గుణం కూడా ఉంది. దాన్ని అలా ఊరికే గాల్లోకి వదలకూడదు. పంపు తేలేదట. ఒకడు బండేసుకుని వెళ్లి తెచ్చేలోపు ఇంకొకడికి టీ ఇచ్చి కూర్చోబెట్టాను. తెచ్చాక ఇరవై నిమిషాల పని అది.

గ్యాస్ అనగానే ఇంకో మాట. ప్రతి ఏప్రిల్‌లో సర్వీసింగ్‌కి వచ్చినవాళ్లు "గ్యాస్ తగ్గింది సార్, కొంచెం కొట్టాలి" అంటారు. ఏసీ గ్యాస్ బండిలో పెట్రోలు లాంటిది కాదు, వాడితే అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. ఆ చోటు వెతక్కుండా పైన గ్యాస్ కొడితే వచ్చే ఏప్రిల్‌కి మళ్లీ ఫోన్ చేయాల్సిందే. మూసీ పక్కనో, పెద్ద నాలా పక్కనో ఉండేవాళ్లకి కారే ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. మురుగులోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని నల్లబరిచి కొరికేస్తుంది. అలాంటి చోట పైపూత ఉన్న కాయిల్ అడిగి తీసుకోవడం మంచిది.

నీళ్ల పైపు వాలు గురించి ఒక్క ముక్క. ఇంతకుముందు ఉన్న ఇంట్లో అందంగా ఉంటుందని పైపుని అడ్డంగా, మట్టంగా గోడలోకి పంపారు. జులైలో ఒక రాత్రి రెండింటికి టప్ టప్ మని చప్పుడు. లేచి చూస్తే నీళ్లు బీరువా మీద పడి, పైన పెట్టిన పెళ్లి ఆల్బమ్ అట్ట ఉబ్బిపోయింది. లోపలి యూనిట్ నుంచి బయటికి పైపు కిందికే వాలాలి, ఎక్కడా మళ్లీ పైకి లేవకూడదు.

బయటి యూనిట్‌కి కావాల్సింది గాలి. తాను వదిలిన వేడిగాలినే తాను పీల్చుకునే చోట పెడితే ఐదు స్టార్లు మూడు స్టార్లలా నడుస్తాయి. మన అపార్ట్‌మెంట్ల డక్ట్ ఏరియాల్లో (ఈ డక్ట్ వేరు, బాత్రూమ్ పైపులు దిగే సందు) ఒకదానిపై ఒకటి పది అంతస్తుల యూనిట్లు పెట్టేస్తారు. కింది వాటి సెగ పైకి లేస్తుంది, పైవాళ్లు దాన్నే పీలుస్తారు. ఇక పావురాలు. ఆ యూనిట్ వెనక గూడు కట్టని పావురం హైదరాబాద్‌లో ఉండదనుకుంటాను. పుల్లలూ ఈకలూ కాయిల్‌కి అడ్డం పడితే గాలి ఆడదు. వల కట్టించేటప్పుడు యూనిట్‌కి ఆనించి కాకుండా కాస్త ఎడంగా కట్టించండి, లేకపోతే ఆ వలే దుమ్ము పట్టి అడ్డమవుతుంది.

సైజు విషయంలో డీలర్లు ఎప్పుడూ పైకే నెడతారు. 120 చదరపుటడుగుల గదికి మామూలుగా ఒక టన్ను చాలు. పైన ఎండకి కాలే స్లాబ్, పడమటి గోడ ఉంటే ఒకటిన్నర. "ఎందుకైనా మంచిది రెండు పెట్టేద్దాం" అంటే, వానాకాలంలో గది గబుక్కున చల్లబడి మిషన్ ఆగిపోతుంది, తేమ లాగడానికి దానికి టైమే దొరకదు. చల్లగా ఉన్నా ఒళ్లు జిడ్డుగా ఉండే గది అలాంటిదే.

డక్ట్ ఉన్నదాన్ని అంతా తీసిపారేయకూడదు కూడా. స్ప్లిట్ గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి నుంచి మంచి గాలి ఒక్క పిసరు కూడా తేదు. నలుగురు పడుకున్న గదిలో తెల్లారేసరికి తల బరువెక్కితే అందులో కొంత పాపం దానిదే. పడుకునేముందు పది నిమిషాలు కిటికీ తెరవడమో, బాత్రూమ్ ఎగ్జాస్ట్ కాసేపు నడపడమో చేయాలి. డక్టబుల్‌లో బయటి గాలిని వడగట్టి కలిపే ఏర్పాటు పెట్టుకోవచ్చు. రెండంతస్తుల ఎత్తున్న హాల్‌ని గోడ స్ప్లిట్ ఒక్కటి చల్లబరచలేదు కూడా. బయట ఒకే యూనిట్, లోపల మూడు నాలుగు ఉండే మల్టీ స్ప్లిట్ అని ఒకటుంది. బాల్కనీలో చోటు లేనివాళ్లకి అది వరం. చోటున్నవాళ్లకి నేను చెప్పను. ఆ ఒక్కటి మే నెలలో మొరాయిస్తే ఇల్లంతా మొరాయించినట్టే. విడివిడిగా ఉంటే ఆ రాత్రికి అందరూ ఒక గదిలో పరుపులేసుకోవచ్చు.

ఇవన్నీ విని అక్కా బావా ఒక ఒప్పందానికి వచ్చారు. నాలుగు పడకగదుల్లో మూడింటికి స్ప్లిట్లు. అత్తగారి గదికి ఇప్పటికి పైపు, వైరు మాత్రమే, మిషన్ తర్వాత. ఎత్తు హాల్‌కి మాత్రం బావ మాట నెగ్గింది, నాలుగడుగుల పొట్టి గొట్టంతో చిన్న డక్టబుల్ యూనిట్. గోడలకి ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు. పోయిన ఆదివారం నేను వెళ్లేసరికి అక్క చేతిలో సుద్దముక్క పట్టుకుని ఇటుకల మీద గీతలు గీస్తోంది, నీళ్ల పైపు ఎటు వాలాలో మేస్త్రీకి చూపిస్తూ.